కథలో ఉత్కంఠ



నేడు నేను ముచ్చటింపబూనినది, కథ చెప్పువాడు వినువారిచేత ఊపిరి బిగబట్టించు విధమును గూర్చి. "మేము కథలు వ్రాయువారము కాము గదా, ఇది మాకేల?" అని మీలో కొందరు అనుకొనవచ్చును. వ్రాయకపోయినను మీరందరును కథలు చెప్పినవారే. మనుమడు అన్నము తినక మారాము చేయునప్పుడు రాజుగారి యేడుగురు కొడుకులను వేటకు పంపి, ఏడు చేపలు తెప్పించి, అందొక చేపను ఎండకుండ నిలిపినవారే. ఆ చేప ఎందుకు ఎండలేదో తెలియువరకు పిల్లవాడు నోరు తెరచుకొని యుండును. ఆ తెరచిన నోటిలో మీరు ముద్ద పెట్టుదురు. కావున ఈ విద్య మీకు క్రొత్తది కాదు. దాని మర్మమేమో కొంచెము విచారింతము.

దీనికి మన భాషలో ఉత్కంఠ యని పేరు. మాటలోనే అర్థమున్నది, కంఠమును పైకెత్తుట ఉత్కంఠ. తిరునాళ్లలో రథము వీధి మలుపు తిరుగబోవునప్పుడు జనులందరు మెడలెత్తి చూతురు గదా, అదియే. ఇందొక విశేషము గమనింపుడు. రథము వచ్చుచున్నదని వారికి తెలియును. దానిపై నున్న దేవుడెవరో తెలియును. ఏ త్రోవను వచ్చునో కూడ తెలియును. ఏమియు తెలియనివాడు మెడ యెత్తడు. తన దారిని తాను పోవును.

ఈ సంగతి నాకు చాలకాలము బోధపడలేదు. నేను ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడనై బడిపిల్లలకు పాఠములు చెప్పితిని. కథలో ఉత్కంఠ యనగా దాచిపెట్టుట యని నా నమ్మకము. చివర జరుగబోవుదానిని ఎంత భద్రముగా మూటగట్టి దాచిన, విప్పినప్పుడు అంత యానందమని పిల్లలకు బోధించితిని. నా పొరపాటును నాకు చూపినవాడు ఒక ముసలి రైతు. ఆ ముచ్చట చెప్పెదను.

నేను పనిచేసిన యూళ్లలో ఒకదానియందు కార్తికమాసపు సాయంకాలములు రచ్చబండ వద్ద ఏదేని ఒక కథ చదివి వినిపించుట నాకు అలవాటు. ఒకనాడు రష్యా దేశపు రచయిత టాల్‌స్టాయి 1886లో ప్రకటించిన కథ యొకటి తీసికొంటిని. మనుష్యునకు ఎంత భూమి కావలెనను ప్రశ్నయే దాని పేరు. భూమి మాట గనుక రైతులకు నచ్చునని యెంచితిని.

కథ ఇది. పహోము అను రైతు కలడు. కావలసినంత భూమి యున్నచో సైతానుకు సైతము వెరవనని అతడొకనాడు మనసులో అనుకొనెను. పొయ్యి వెనుక పొంచియున్న సైతానుకు అది వినబడెను. సరే చూతమనుకొనెను. పహోము తాను కూడబెట్టిన నూరు రూబుళ్లకు తోడు ఒక గుఱ్ఱపుపిల్లను, తేనెటీగలలో సగమును అమ్మి, కొడుకునొకని పాలేరుగా కుదిర్చి జీతము ముందే పుచ్చుకొని, బావమరిది యొద్ద అప్పు చేసి మొదటి చెక్క కొనెను. నా శ్రోతలు ఇచ్చట తలలూపిరి. రష్యా యైననేమి, మన తాలూకా యైననేమి, భూమి కొనువాడు పడు పాట్లు ఇవియే. ఆ చెక్క చాలలేదు. వోల్గా నది యవతలికి పోయి అంతకంటె ఎక్కువ సంపాదించెను. అదియు చాలలేదు. తుదకు బష్కీరులను పచ్చికబయళ్ల జనుల యొద్దకు చేరెను. వారి బేరము వింతది. వేయి రూబుళ్లు ఇచ్చినచో, ఒక దినములో కాలినడకను ఎంత నేల చుట్టివచ్చిన అంతయు అతనిది. కాని ప్రొద్దు గ్రుంకులోపల బయలుదేరిన చోటికే తిరిగి రావలెను. రానిచో భూమి లేదు, పైకమును పోయినట్లే.

బయలుదేరుటకు ముందటి రాత్రి పహోముకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున కునుకు పట్టి కలగనెను. కలలో బష్కీరుల పెద్ద గుడారము వెలుపల కూర్చుండి పొట్ట పట్టుకొని నవ్వుచున్నాడు. దగ్గరకు పోయి చూడగా అతడు పెద్ద కాడు, ఈ భూమి సంగతి చెప్పిన వర్తకుడు. మరల చూడగా వర్తకుడును కాడు, వోల్గా యవతలి కబురు తెచ్చిన రైతు. మరల చూడగా రైతును కాడు. కొమ్ములు, గిట్టలు గల సైతాను. వాని యెదుట చొక్కా, లాగు మాత్రము తొడిగిన మనుష్యుడొకడు వట్టికాళ్లతో చచ్చిపడి యున్నాడు. ఎవరా యని పరికించి చూడగా, తానే.

ఈ కలను నేను వదలివేసితిని. ముందే చెప్పినచో చివరి రుచి చెడునని తలచి, ఆ పుట త్రిప్పివేసి, తెల్లవారుటతో మొదలుపెట్టితిని. పహోము నడచెను, ఆశకొలది దూరము పోయెను, ప్రొద్దు వాలెను, పరుగెత్తెను, చచ్చెను. శ్రోతలు అయ్యో పాపమనిరి. ఒకరిద్దరు అంతకుముందే ఆవులించిరి. అందరును లేచిపోవుచుండగా, తలపాగా సర్దుకొనుచు ఆ ముసలి రైతు నాతో, "మబ్బు చూపకుండ వాన కురిపించినారు పంతులుగారూ" అనెను.

నాకర్థము కాక నిలబడితిని. ఆయనయే విడమరచి చెప్పెను. "కల్లములో వడ్లుండగా తెలియకుండ వాన వచ్చి తడిసినవనుకోండి. తెల్లవారి చూచుకొని ఏడ్చుకుంటాము. అది ఒక రకము. సాయంత్రమే మబ్బు లేచినది చూచి, బండి రాక, గోనెలు చాలక, ఆ వడ్ల దగ్గర రాత్రంతా నిలబడినవాని సంగతి వేరు. వాన రాకపోయినా వానికి ఆ రాత్రి జ్ఞాపకముంటుంది."

నేను పుట త్రిప్పిన సంగతి ఆయనకు తెలియదు. మబ్బు పుస్తకములోనే యున్నదని, దానిని దాచినవాడను నేనేనని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

ఇంటికి పోయి ఆలోచించితిని. సిగ్గు కలిగెను. ఏలయన ఆ రైతు చెప్పినది నేను చదువుకొన్న శాస్త్రములోనే యున్నది. ధనంజయుడు 10వ శతాబ్దిలో రచించిన దశరూపకమునందు, నాటకములోని కార్యమునకు అయిదు అవస్థలు చెప్పబడినవి: ఆరంభము, ప్రయత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము. నడుమనున్న ప్రాప్త్యాశ యెట్టిది? ఫలము చేతికందించు ఉపాయ మొకవైపు, దానిని చెరుపగల అపాయము యొక్క శంక మరియొకవైపు. ఈ రెంటి నడుమ మనసు ఊగులాడు దశ. శాస్త్రకారుడు ఇచ్చట చెప్పినది ఆశను, శంకను. అవి రెండును ఎంతో కొంత తెలిసినవానికే కలుగును. ఈ నిర్వచనమును పరీక్షకై వల్లించి మార్కులు తెచ్చుకొంటిని, పిల్లలచేతను వల్లింపజేసితిని. అది కల్లములో వడ్ల దగ్గర నిలబడిన రైతు మాటయని ఒక్కనాడైన తోచలేదు.

శాస్త్రము మాట యటుండనిండు. మీకందరకు తెలిసిన ద్రోణపర్వము చూడుడు. అభిమన్యుడు పడిన రాత్రి అర్జునుడు ప్రతిన పట్టెను: మరునాడు ప్రొద్దు గ్రుంకులోపల సైంధవుని చంపనిచో తానగ్నిలో దుముకుదునని. ఆ ప్రతినను వ్యాసుడు గుట్టుగా నుంచలేదు. వేగులవారు కౌరవులకు చేరవేసిరి. సైంధవుడు గడగడ వణకెను. ద్రోణుడు వ్యూహము పన్ని వానిని ఎక్కడనో వెనుక నిలిపెను. ఇరుపక్షములకును గడువు తెలియును, మనకును తెలియును. సైంధవుడు చచ్చునని కూడ మనము చిన్ననాటనే వింటిమి. అయినను పురాణము చెప్పు శాస్త్రిగారు ఆ ఘట్టమునకు వచ్చునప్పటికి, అరుగు మీద వెనుకకు జారబడి కూర్చున్నవారు ముందుకు వంగుదురు.

అందులో కవి చేసిన పని యొకటి నాకెప్పుడును ఆశ్చర్యము గొలుపును. ప్రొద్దు వాలుచున్నది. సైంధవు డింకను దూరముననే యున్నాడు. అప్పుడు గుఱ్ఱములు అలసి, బాణముల దెబ్బలు తిని, దప్పిగొని నిలిచిపోయెను. అర్జునుడు రథము దిగి బాణముతో నేలను చీల్చి కొలను కల్పించెను. కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, బాణములు పెరికి, నీరు త్రాగించి, మాలిసు చేసి, మరల కట్టెను. యుద్ధము నడుమ, అంతటి గడువు నెత్తిమీద నుండగా, గుఱ్ఱములకు నీళ్లు! శాస్త్రిగారు దానిని నింపాదిగా వర్ణించుచుండగా, "ప్రొద్దు పోవుచున్నది స్వామీ!" యని మనము లోలోపల తొందరపడుదుము. గడువును ముందు చెప్పుట మొదటి మెట్టు. గడువు లోపల ఆలస్యము చేయుట రెండవ మెట్టు. అయితే ఆ యాలస్యము నిజముగా కావలసినది కావలెను. నీరు త్రాగని గుఱ్ఱము కదలదు. సేద్యగాండ్రకు ఇది నేను చెప్పనక్కరలేదు.

టీవీలో వచ్చు ధారావాహికలందును ఆలస్యమున్నది. ఒకామె తలుపు తెరచి నిర్ఘాంతపోవును. ఆమె ముఖమును మూడుసార్లు చూపుదురు, అత్తగారి ముఖము, ఆడబిడ్డ ముఖము, ద్వారబంధము కూడ చూపుదురు, డప్పులు మ్రోగును, నేటికి సమాప్తము. మరునాడు చూడగా వచ్చినది పాలవాడు. అక్కడ ఏ గుఱ్ఱమును దప్పిగొనలేదు. మా యింటిలోనివారు రోజు విడువక చూతురు కావున ఇంతకంటె అనను.

కథ యాపుట యెట్లో మన శుకసప్తతిలోని చిలుకను చూచి నేర్చుకొనవలెను. సంస్కృతమున నున్న ఈ కథలను పాలవేకరి కదిరీపతి తెలుగున కావ్యముగా రచించెను. భర్త దూరదేశమేగియుండగా ప్రభావతి రాత్రివేళ పరపురుషుని యొద్దకు బయలుదేరును. ఇంటనున్న చిలుక వలదని మందలింపదు. మందలించిన దాని మెడ విరుగును. పొమ్మనియే చెప్పును, కాని ఫలానా స్త్రీవలె చిక్కులో పడినచో ఆమెవలె తప్పించుకొను నేర్పు నీకున్నదా యని అడుగును. ఏమా కథ యని ప్రభావతి గుమ్మములో నిలుచును. చిలుక ఆ స్త్రీని తప్పించుకొన వీలులేని యిక్కట్టులోనికి తెచ్చి, అచ్చట ఆపి, నీవైన నేమి చేయుదువని ప్రశ్నించును. ఆమె ఆలోచించును, తోచదు. చిలుక చెప్పునప్పటికి రాత్రి గడచిపోవును. ఇట్లు డెబ్బది రాత్రులు. ఒక యింటి కాపురము ఆ చిలుక కథ ఆపు చోటుమీద నిలిచియున్నది. తాళము వేసి నిలుపలేని మనిషిని ప్రశ్న వేసి నిలిపినది.

ఇంతమాత్రమున దాచుట పనికిరాదని నేననుట లేదు. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వెలువడిన గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు" పూర్తిగా దాపరికము మీద నడచిన కథ. గోపాలరావు సానిపాట విని అర్ధరాత్రి దాటిన పిదప ఇల్లు చేరును. తలుపు తీయుమని పిలుచును, పలుకు లేదు. త్రోయగా అదియే తెరచుకొనును. లోపల చీకటి. భార్య కమలిని కానరాదు. నౌకరును లేపి కేకలు వేయును. తుదకు ఉత్తరము దొరకును: ఆమె పుట్టింటికి వెడలిపోయినదట. అతడు విలవిలలాడి, బుద్ధి తెచ్చుకొని, ఆమెను తీసికొనిరమ్మని నౌకరును బ్రతిమాలుచుండగా, మంచము క్రిందనుండి నవ్వు, గాజుల చప్పుడు. గురజాడవారు మనకు ఒక్క ఆనవాలైనను ముందుగా ఈయలేదు.

నా సిద్ధాంతమునకు ఇది విరుద్ధముగా నున్నదని కొంతకాలము తికమకపడితిని. పిదప ఆ కథను మరల చదివి చూచితిని. మొదటిసారి గోపాలరావుతోపాటు మనమును చీకటిలో తడవులాడుదుము. చివర నవ్వు వినబడగానే ఉలికిపడుదుము. ఆ యులికిపాటు ఒక్కసారికే. రెండవసారి చదువునప్పుడు కమలిని మంచము క్రింద నున్నదని మనకు తెలియును. అతడు నౌకరుమీద విరుచుకొనిపడుటయు, ఉత్తరము చదువుటయు, తన్ను తాను నిందించుకొనుటయు, ప్రతియొక్క మాటయు ఆమె వినుచున్నది! ఈ మాటకు నవ్వునో, ఆ మాటకు పట్టుబడునో యని మనము ఊపిరి బిగబట్టుదుము. రెండవసారి కలిగినదే గట్టి యుత్కంఠ యని నా యభిప్రాయము. మొదటిసారి కలిగినదానిని ఆశ్చర్యమందును. ఆశ్చర్యము పిడుగువంటిది, ఉత్కంఠ మబ్బువంటిది. గురజాడవారు ఒకే కథలో రెండును సమకూర్చినారు. అందరికిని అది చేతకాదు.

తలుపు మాట వచ్చినది గనుక ఇంకొక తలుపు. జేకబ్సు అను ఇంగ్లీషు రచయిత 1902లో "కోతి పంజా" యను కథ ప్రకటించెను. ఒక సిపాయి మన హిందూదేశము నుండి ఎండిన కోతి పంజాను ఇంగ్లండుకు తెచ్చును. ఫకీరొకడు దానిని మంత్రించినాడట. మూడు కోరికలు తీర్చునట. ఒక ముసలి దంపతులకు అది చిక్కును. ముసలివాడు రెండు వందల పౌనులు కోరును. మరునాడు కర్మాగారమువారు వచ్చి, కొడుకు యంత్రములో పడి మరణించెనని చెప్పి, పరిహారముగా రెండు వందల పౌనులు ఇత్తురు. కొన్నాళ్లకు తల్లి తాళలేక కొడుకు బ్రతికి రావలెనని రెండవ కోరిక కోరించును. ఆ రాత్రి తలుపు తట్టిన చప్పుడు. ముసలివానికి తెలియును, మనకును తెలియును: యంత్రములో నలిగి, పాతిపెట్టబడి దినములు గడచిన దేహము. తల్లి పరుగెత్తి గడియ తీయబోవును; పైగడియ అందక కుర్చీ యీడ్చుకొనును. ముసలివాడు నేలమీద పంజాకై తడవులాడును. గడియ జారిన చప్పుడు వినబడుచుండగా పంజా చేతికి దొరికి మూడవ కోరిక కోరును. తలుపు తెరచి చూడగా దీపపు వెలుతురులో వట్టి వీధి. రచయిత మనకు ఆ రూపమును చూపనే లేదు. తలుపు వెనుక ఏమున్నదో మనకు చెప్పి యుంచెను గాన చూపనక్కరలేకపోయెను. చెప్పకుండ చూపినచో పిల్లలు జడుసుకొందురు, అంతే.

మరుసటి కార్తికమాసమున అదే రచ్చబండ వద్ద టాల్‌స్టాయి కథను మరల విప్పితిని. "విన్నదే గదా పంతులుగారూ" అని ఎవరో అనిరి. ఒక పుట మిగిలిపోయినదని చెప్పి ఈసారి కల వినిపించితిని. చచ్చిపడినవాడు తానేయని పహోము చూచుకొన్న చోట నేనాగలేదు. తెల్లవారినది, లేచి బండి కట్టించెనని చదువుకొని పోతిని. కాని సభలో ఏదో మారినది నాకు తెలియుచునే యున్నది.

బష్కీరుల పెద్ద గుట్టమీద తన నక్కతోలు టోపీని గుర్తుగా పెట్టెను. పహోము దానిమీద పైకముంచి, భుజాన పార పెట్టుకొని నడచెను. అక్కడక్కడ గోయి త్రవ్వి, గడ్డపెళ్లలు పేర్చి హద్దు నిలిపెను. ఎండ యెక్కెను, పైకోటు విప్పెను. ఎడమకు తిరుగవలెననుకొనును, నేల చూడగా ముందుకు పోయినకొలది మేలుగా నున్నది. ఇంకొంచెము. బూట్లు విడిచెను. పహోము బూట్లు విప్పెనని చదువగానే ఎదుట కూర్చున్న యొకాయన "వట్టికాళ్లు" అని మెల్లగా అనెను. క్రిందటి యేడు ఇదే వాక్యము చదివితిని, అప్పుడెవ్వరును పలుకలేదు.

రెండవ ప్రక్క నడచి తిరుగబోవుచుండగా చెమ్మగల పల్లము కనబడెను. అవిసె బాగుగా పండును, విడుచుట ఎట్లు? దానిని చుట్టివచ్చెను. "వద్దురా, తిరుగు" అని మరియొక గొంతు. మూడవ ప్రక్క కొంచెమే నడచి, గుట్టవైపు మొగము త్రిప్పెను. గుట్ట దూరము. కాళ్లు కోసుకొనిపోయి రక్తము కారుచున్నవి. కూర్చుండ వీలులేదు, ప్రొద్దు కూర్చుండనీయదు. పరుగు మొదలిడెను. కోటు పారవేసెను, బూట్లు పారవేసెను, నీళ్లబుడ్డి, టోపీ పారవేసెను. ఊతకు పార మాత్రము మిగిలెను. ఒక్కొక్కటి పోయినకొద్దీ కలలోని శవము దగ్గరపడుచున్నది. అది నేను చెప్పలేదు, కథలోను ఆ మాట లేదు, విన్నవారే కట్టుకొనుచున్నారు.

గుట్ట క్రిందికి చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకెను. అంతయు పోయెనని నిలువబోయెను. పైనుండి బష్కీరులు కేకలు వేయుచున్నారు. క్రిందనున్నవానికి గ్రుంకిన సూర్యుడు గుట్టమీదివారికి ఇంకను కనబడుచుండునని అతనికి తట్టెను. ఊపిరి పట్టి పైకి పరుగెత్తెను. ఎదుట టోపీ, దాని ముందర పెద్ద కూర్చుండి పొట్ట పట్టుకొని నవ్వుచున్నాడు.

ఇచ్చట నాకు గొంతు తడియారి మంచినీళ్ల చెంబు అందుకొంటిని. రచ్చబండ వద్ద సద్దు లేదు. ముసలి రైతు, క్రిందటి యేడు అంతయు విన్నవాడే, కట్టె రెండు చేతులతో పట్టుకొని ముందుకు వంగి, "చేరినాడా?" యని అడిగెను.

చెంబు క్రింద పెట్టి చేరినాడని చెప్పితిని. కాళ్లు పట్టుదప్పి ముందుకు పడెను. చాచిన చేతులు టోపీకి తగిలెను.